వరుస మారని రింగులు

పెద్దమందడిని చూడటానికి ఎవరూ వెళ్ళరు. అక్కడ పని ఉన్నవాళ్ళు వెళ్తారు, పని అయ్యాక తిరిగి వస్తారు. నేనూ అలాగే వెళ్ళి వచ్చాను. వెళ్ళేటప్పుడు గద్వాల, పెబ్బేరు, వనపర్తి చూశాను. వచ్చేటప్పుడు నాగర్‌కర్నూలు మీదుగా వచ్చాను. పాలమూరు జిల్లా అంటే వలస పోయే కూలీలు గుర్తొస్తారు తప్ప, ఆ ఊళ్ళు ఎలా ఉంటాయో హైదరాబాదులో ఉండే నాబోటివాళ్ళకు సరిగా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. కోటల గురించి ఇందులో పెద్దగా ఉండదు.

నా భర్త రఘు కార్తీకంలో పోయాడు. ఆఫీసులో కుర్చీలో ఉండగానే గుండె ఆగింది. అతను ప్రోగ్రామర్. ఉద్యోగం కోసం రాసే ప్రోగ్రాములు వేరు, ఆదివారాలు తన ఇష్టానికి రాసుకునేవి వేరు. మా భోజనాల బల్ల కింద ఒక పాత కంప్యూటర్ పెట్టి, దాన్ని ఇంటి ఫోను లైనుకు కలిపాడు. అది రోజుకు రెండుసార్లు తనంతట తానే నంబర్లు తిప్పేది. నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. నా పని నాది, అతని పని అతనిది. అదేమిటని ఒకసారి అడిగితే, ఊళ్ళోవాళ్ళకు గంట కొడుతోంది అన్నాడు. అంతకు మించి నేను అడగలేదు.

అతను పోయాక ఇంట్లో ఏ వస్తువునూ కదపలేదు. ఆ కంప్యూటర్‌నూ ఆపలేదు. జనవరి చివర్లో అతని ఆఫీసు స్నేహితుడు జావేద్ వచ్చి దాన్ని విప్పి చూసి, రఘు అందులో రాసిపెట్టుకున్న వివరాలు చదివి, అది చేస్తున్నదేమిటో చెప్పాడు. పెద్దమందడి దగ్గర కొందరు రైతులకు బోర్లు ఉన్నాయి. వాటికి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినప్పుడు అందరూ ఒక్కసారే మోటార్లు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఊళ్ళో పిండి గిర్ని నడిపే ఆమె, కరెంటు రాగానే మా ఇంటి ఫోనుకు మిస్డ్ కాల్ ఇస్తుంది. మా కంప్యూటర్ ఆ నంబరు చూసి, ఒక్కొక్క రైతుకూ కొన్ని నిమిషాల ఎడంతో మిస్డ్ కాల్ ఇస్తుంది. రింగు వచ్చినవాడు వెళ్ళి మోటారు వేసుకుంటాడు. ఎవరికీ పైసా ఖర్చు లేదు.

కంప్యూటర్ లోపలి ఫ్యాను అరిగిపోయిందనీ, ఇది ఎక్కువ రోజులు నడవదనీ జావేద్ అన్నాడు. ఫోను లైను తీసేయించుకోవాలని నేనూ అనుకుంటున్నాను. ఆపే ముందు వాళ్ళకు ఒక మాట చెప్పాలి వదినా, నేను ఫోన్ చేస్తాను అన్నాడు. వద్దన్నాను. మా ఇళ్ళల్లో చావు కబురు మనిషి వెళ్ళి చెప్తాడు. రఘు ఒక ప్రోగ్రాము రాసిచ్చిన నేత మనిషి గద్వాలలో ఉన్నాడు, అతనికీ చెప్పాలి. శుక్రవారం కాచిగూడలో రైలెక్కాను.

గద్వాల

కృష్ణ దాటాక బోగీలో మాట మారింది. పక్కన కూర్చున్న రాయచూరు ఆవిడ నన్ను "ఊట ఆయ్తా?" అని అడిగింది. తిన్నావా అని అడుగుతోందని ఆమె చెయ్యి నోటి దగ్గర పెట్టాక అర్థమైంది. తినలేదన్నాను. గద్వాల స్టేషను బయట తనే దగ్గరుండి ఉగ్గాని ఇప్పించింది. నానబెట్టి పిండిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు పది రూపాయలు. హైదరాబాదులో పొద్దున్నే బజ్జీ తినేవాళ్ళను నేను చూడలేదు. ఇక్కడ అందరూ అదే తింటున్నారు.

ఆ నేత మనిషి నాగరాజు ఇల్లు కోట వెనక సందులో ఉంది. యాభై దాటిన మనిషి. అతనూ, భార్య ఈశ్వరమ్మా ఒకే మగ్గం మీద ఉన్నారు. గద్వాల చీర నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలివేయాలి. అందుకని ఇద్దరు కావాలి. నేనెవరో చెప్పగానే చెయ్యి ఆపకుండానే కూర్చోమన్నారు, ఒక పోగు మధ్యలో ఉందని.

ముందు గదిలో కంప్యూటర్ మీద పాత చీర ముక్క కప్పి ఉంది. గళ్ళల్లో అంచు గీసుకునే ప్రోగ్రాము అది. నాగరాజు దాని గురించి నవ్వుతూ చెప్పాడు. రఘు మొదట ఎరుపు ఒక్కటే పెట్టాడట. "మీ సారుకు ఎర్రగుంటే ఎరుపే. మాకు గట్ల నడువదు. కుంకుమది వేరు, దానిమ్మది వేరు, ఇటుకది వేరు. నేను చెప్తుంటే సారు నా దిక్కు చూసి, నాకు జర టైమియ్యి అన్నడు." ఆ రోజులు నాకు గుర్తున్నాయి. రఘు దానిమ్మపండు ఒలిచి, తినకుండా మానిటర్ పక్కన పెట్టుకున్నాడు.

సారు ఎందుకు రాలేదని ఈశ్వరమ్మ అడిగింది. చెప్పాను. నాగరాజు చేతిలోని పోగు నడిపే నాడెను పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి లేచి, పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. తల తుడుచుకుంటూ వేరే పంచెతో తిరిగి వచ్చాడు. మా వైపు దాయాదులు మాత్రమే అలా చేస్తారు. వాళ్ళకు ఆ అవసరం లేదని ఈశ్వరమ్మతో అన్నాను. "మాకు జేసినోడు మావోడే గదమ్మా" అని, ఆమె కూడా లేచి వెళ్ళింది.

ఆ పూట మగ్గం నడవలేదు. అన్నం పెట్టారు. ప్రోగ్రాము బాగానే పనిచేస్తోందా అని అడిగితే, దానికేం కాలేదని నాగరాజు చెప్పాడు. అది అతని గదిలో, అతని కంప్యూటర్లో ఉంది. మా ఇంట్లో ఏది ఆగినా దానికి ఇబ్బంది లేదు. నాకు ఆ సంగతి కొంత తేలిగ్గా అనిపించింది.

పెబ్బేరు

మర్నాడు శనివారం. వనపర్తి బస్సు పెబ్బేరులో సంత దాటలేక ఆగిపోయింది. రోడ్డు నిండా ఎడ్లు, ఆవులు, గొర్రెలు. అందరం దిగాం. దిగుతుండగా నా చెప్పు తెగింది. కుట్టేవాడి దగ్గర కూర్చున్నంతసేపూ ఎదురుగా ఒక ఎడ్ల బేరం చూశాను. అమ్మేవాడు, కొనేవాడు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకున్నారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత అనేది వాళ్ళకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. కొనేవాడు తల అడ్డంగా ఊపాడు. అమ్మేవాడు చెయ్యి వదల్లేదు. చెప్పు కుట్టేవాడు తల ఎత్తకుండానే, గా జోడి ఇయ్యాల అమ్ముడువోదు అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, ఒక ఎద్దు ముందుకాలు చూపించాడు. నాకు రెండు కాళ్ళూ ఒకేలా కనబడ్డాయి.

వనపర్తి

వనపర్తిలో రాజావారి భవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. పిల్లలు ఏనుగులు పట్టే గుమ్మంలోంచి సైకిళ్ళ మీద వస్తున్నారు. అంతకన్నా నాకు బాగా గుర్తున్నది లాడ్జి మేనేజరు. వెంట మగవాళ్ళెవరూ లేరా అని మూడు రకాలుగా అడిగాడు. లేరన్నాను. ఎందుకొచ్చారన్నాడు. చావు కబురు చెప్పడానికి అన్నాను. అతను వెంటనే తాళం ఇచ్చి, బకెట్‌తో వేడినీళ్ళు పంపించాడు. పొద్దున పెద్దమందడికి పోయే జీపును కూడా తనే మాట్లాడి పెట్టాడు. ఎవరి కబురని మాత్రం అడగలేదు.

పెద్దమందడి

గిర్ని ఎక్కడని అడగక్కర్లేకపోయింది. జొన్నపిండి వాసన బట్టి వెళ్ళాను. మొగులమ్మ అరవయ్యేళ్ళ మనిషి. కనుబొమ్మల మీద కూడా పిండి ఉంది. గోడకు ఒక కరెంటు గంట బిగించి ఉంది. త్రీఫేజ్ రాగానే అది మోగుతుంది, ఆమె ఫోన్ తీస్తుంది. నేను రఘు భార్యనని చెప్పగానే, సారు ఫారిన్ నుంచి ఇంకా రాలేదా అని అడిగింది. సాఫ్ట్‌వేరోళ్ళు చెప్పకుండా పోతారని ఎవరో అంటే అలాగే అనుకున్నారట. రఘు ప్రతి ఆదివారం ఆమెకు ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఆమె చేస్తే స్విచ్ఛాఫ్. అయినా రింగులు రోజూ వస్తున్నాయి కనుక సారు ఎక్కడున్నా మమ్మల్ని మరవలేదు అనుకున్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆమె ఫోన్లో అందరినీ పిలిచింది. ఐదారుగురు వచ్చారు. ఆంజనేయులు అనే ఆయన లోపలికి వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. కుర్మయ్య అనే ఆయన మాత్రం గడప దగ్గరే నిలబడ్డాడు. ఆంజనేయులు ఉన్నచోట తను కూర్చోనన్నాడు. ఇద్దరి పొలాలకూ మధ్య ఒక గట్టే అడ్డమట.

"అమ్మా, నువ్వొచ్చినవ్ గనక అడుగుత" అన్నాడు కుర్మయ్య. "నేనేం తప్పు జేసిన్నో సారునడిగి చెప్పు. దీపావళి ఎల్లినకాన్నుంచి ఆఖరు రింగు నాదే. ముందుగాల్ల ఆడిన బోర్లకు నీళ్ళు, నా బోరుకు గాలి. ముందు రింగు ఎన్నడు జూసినా ఈయనదే."

ఆంజనేయులు నా వైపు తిరిగాడు. "నేను పల్లీల మూట ఇచ్చి వరుస కొన్ననంట. ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. సారు గసొంటోడా అమ్మా?"

పల్లీల మూట నాకు గుర్తుంది. వానాకాలంలో ఆంజనేయులు హైదరాబాదు దవాఖానకు వచ్చినప్పుడు మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. చాలా రోజులు ఉడకబెట్టుకుని తిన్నాం.

వరుస ఎవరు మార్చేవారని మొగులమ్మను అడిగాను. ఆదివారం ఫోన్లో సారు అన్నీ అడిగేవాడని చెప్పింది. ఎవరి చేను వాడింది, ఎవరి మోటారు కాలింది, ఎవరింట్లో పెళ్ళి ఉండి పొలానికి పోలేదు, ఇవన్నీ. మర్నాటి నుంచి వరుస మారేది. ఈ వారం ముందున్నవాడు వచ్చేవారం వెనక్కు, వెనకున్నవాడు ముందుకు. చెరువు నీళ్ళకు పాతకాలం నుంచి ఉన్న వంతు లాగే.

అప్పుడు నాకు అర్థమైంది. కంప్యూటర్ రింగులు ఇస్తోంది కానీ వరుస మార్చింది మనిషి. అతను పోయిన వారం ఏ వరుస ఉందో అదే నడుస్తోంది.

నిలబడే చెప్పాను. "రఘు లేడు. దీపావళి అయిన కొన్నాళ్ళకే పోయాడు. మీకు రింగు ఇస్తున్నది మిషను. వరుస మార్చేవాడు లేక అది అలాగే ఉండిపోయింది. ఇందులో ఆంజనేయులుగారి తప్పేమీ లేదు."

"మరి రింగు రోజు వస్తనే ఉండె గద" అంది మొగులమ్మ, నాతో కాదు. కుర్మయ్య చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఆంజనేయులు కూర్చున్న బస్తా మీదే ఒక పక్కన కూర్చున్నాడు.

మిగిలింది కూడా చెప్పాను. ఆపడానికే వచ్చానన్నాను. బతిమాలతారని భయపడ్డాను. ఎవరూ బతిమాలలేదు. మీ ఇంట్ల ఫోను, మీ ఇష్టం అన్నాడు ఆంజనేయులు. మీలో మీరే ఒకరికొకరు రింగు ఇచ్చుకోలేరా అని అడిగాను. సారు రాకముందు అలాగే చేశారట. మధ్యలో ఒకడు పడుకుంటే వెనకవాళ్ళందరికీ కరెంటు పోయేది. తర్వాత తగువులు. మొగులమ్మ ఇస్తే, ఆమె తన తమ్ముడి కొడుక్కు ముందు ఇస్తోందని అనుమానం. ఊరివాడు కానివాడు ఇస్తే ఎవరూ ఏమీ అనలేదు.

ఆపే దాకా అయినా వరుస మార్పిస్తానని కుర్మయ్యతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "వద్దమ్మా. సారు ఆఖరుకు పెట్టింది గట్లనే ఉండనియ్యి. నాకు గదే సాలు. తెల్వక మాటలన్న."

"నీ పల్లి చేను ఎండుతె సచ్చినాయనకు ఏమొస్తది?" అంది మొగులమ్మ.

భోజనం అక్కడే. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లి కారం. మేము గోంగూర అనేదాన్నే వాళ్ళు పుంటికూర అంటారు. పులుపు మా గోంగూరకన్నా తక్కువ. మొగులమ్మ రొట్టెను చేత్తోనే తట్టింది. నన్నూ తట్టమంది. నాది మధ్యలో చిరిగింది. అదే నాకు పెట్టింది.

తింటుండగా గోడ మీది గంట మోగింది. మొగులమ్మ ఎడమచేత్తో ఫోన్ నొక్కి, ఒక రింగు కాగానే కట్ చేసింది. ఎవరూ లేని మా ఇంట్లో, భోజనాల బల్ల కింద, ఆ రింగు వినబడి ఉంటుంది. కాసేపటికి ఆంజనేయులు జేబులో ఫోన్ మోగి ఆగింది. ఆయన లేవలేదు. కుర్మయ్యను ముందు వెళ్ళి మోటారు వేసుకోమన్నాడు. నీ వంతు, నువ్వే పో అన్నాడు కుర్మయ్య. నువ్వు పో అంటే నువ్వు పో. పొద్దున్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు ఇప్పుడు ఒకరికోసం ఒకరు కూర్చున్నారు. రెండో రైతుకు రింగు వచ్చింది. మొదటివాడు వేయకుండా తనెలా వేస్తానని అతనూ ఆగాడు. కరెంటు వస్తూనే ఉంది. ఒక్క మోటారూ నడవడం లేదు.

"మీరు గిట్ల మర్యాదలు జేసుకుంట కూసోండ్రి, కరెంటోడు కూడ మర్యాదకు తీసుకపోతడు" అని మొగులమ్మ అరిచింది. ఆంజనేయులు లేచాడు.

నేను కుర్మయ్య వెంట చేను దాకా వెళ్ళాను. దగ్గరి మళ్ళలో పల్లి పచ్చగానే ఉంది. బోరుకు దూరంగా ఉన్న రెండు మళ్ళలో ఆకు ముడుచుకుని తెల్లబడింది. తన వంతు వచ్చి మోటారు వేస్తే కొంతసేపు నీళ్ళు పోసి, తర్వాత పైపు దగ్గింది. దాన్ని ఆయన నాకు చూపించడం కోసం వేయలేదు. మోటారు ఆపి, సారుకు పిల్లలా అని అడిగాడు. లేరన్నాను. తర్వాత నాతోపాటు రోడ్డు దాకా నడిచి వచ్చాడు.

నాగర్‌కర్నూలు

నాగర్‌కర్నూలులో నెట్ సెంటర్ నడిపే యాదగిరికి రఘు పోయిన సంగతి తెలుసు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం గురించి ఇద్దరూ ఏళ్ళ తరబడి మెయిళ్ళు రాసుకున్నారు. ఒకసారి రఘు వచ్చి, ఇద్దరూ కలిసి బజార్లో నాలుగు దుకాణాల మిద్దెల మీదుగా వైరు లాగి, దుకాణాలవాళ్ళకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు చేశారట. కోతులు దాన్ని ఊయల చేసుకున్నాయి. మళ్ళీ లాగారు, మళ్ళీ తెంచాయి. అతను ఆ సంగతి చెప్తూ నవ్వాడు, నేనూ నవ్వాను. మూడు నెలల్లో ఎవరైనా రఘు గురించి నవ్వుతూ మాట్లాడటం గద్వాల తర్వాత అదే.

రింగులు ఆగకుండా, మా ఇంట్లోని కంప్యూటర్‌ను అతనికి ఇచ్చేద్దామనే నాగర్‌కర్నూలు వచ్చాను. తీసుకుంటానన్నాడు. అయితే తన దగ్గర రోజుకు ఇన్ని గంటలని కరెంటు కోత ఉంది, రింగులు తప్పుతాయి, హైదరాబాదులోనే ఉంటే మేలు అని కూడా అన్నాడు. వరుస సంగతి నాకు పెద్ద పని కాదు మేడం, పది లైన్లు రాస్తే వారానికోసారి తనే తిరుగుతుంది అన్నాడు. పది లైన్ల పనైతే రఘు ఎందుకు చేయలేదని అడిగాను.

యాదగిరి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనూ అడిగిన మేడం. గట్ల రాస్తే నేను మొగులమ్మకు ఫోన్ చేసుడు బంద్ అయితది అన్నడు. ఎవరి చేను ఎండుతుందో మిషన్‌కు తెల్వదు, అడిగితెనే తెలుస్తది అన్నడు."

చేత్తో ఎలా మార్చాలో నేర్పమన్నాను. తన దుకాణంలోని ఒక కంప్యూటర్ నుంచి మా ఇంటికి ఫోను కలిపాడు. కాసేపు గరగరమన్నాక తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పైన ఆంజనేయులు. అన్నిటికన్నా కింద కుర్మయ్య. రఘు పెట్టిన వరుస అది. మా ఇంట్లో అతని చెప్పులు, చొక్కాలు ఎక్కడివి అక్కడ ఉన్నట్టే ఇదీ ఉంది. ఒక పేరును పైకి జరపడానికి ఏ మీట నొక్కాలో యాదగిరి చూపించాడు. నేను ఆ రోజు నొక్కలేదు. మొగులమ్మను ఇంకా అడగలేదు అన్నాను. అది నిజమే కానీ కారణం అదొక్కటే కాదు. యాదగిరి కొత్త ఫ్యాను ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇల్లు

జావేద్ వచ్చి ఫ్యాను బిగించాడు. ఫోను లైను తీయించుకోలేదు. ఆదివారం పది గంటలకు మొగులమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తి, నేనెవరో చెప్పకముందే మొదలుపెట్టింది. ఒకరి మోటారు కాలిపోయి బాగుకు పోయింది, అతనికి ఈ వారం రింగు అక్కర్లేదు. ఇంకొకరి బిడ్డకు పెళ్ళిచూపులు. ఆంజనేయులు రోజూ తన మోటారు వేయగానే పోయి కుర్మయ్య చేన్లో పిల్లకాలువ తీసి వస్తున్నాడు, అయినా దూరపు మళ్ళకు ఎక్కడంలేదు. కుర్మయ్య నోరు తెరిచి ఏమీ అడగడు, ఆయన్ను అడగొద్దు అంది.

"ముందుగాల్ల ఆయన్ను పెట్టు. ఆంజనేయులును ఆఖరుకు పెట్టు, నేను చెప్పినంక పెట్టినవని ఆయనకు నేనే చెప్త" అంది. తర్వాత ఏం వండావని అడిగింది. ఇంకా వండలేదన్నాను. రఘు కూడా ఆ వేళకు వండకుండానే ఫోన్ చేసేవాడని చెప్పింది. ఆదివారాలు మా ఇంట్లో వంట రఘుది.

ఫోన్ పెట్టేసి బల్ల కింద కూర్చున్నాను. కుర్మయ్య పేరును ఒక్కొక్క మెట్టూ పైకి జరిపాను. ఆంజనేయులు పేరు కిందికి వెళ్ళింది.

సోమవారం పొద్దున గిర్ని నుంచి రింగు వచ్చింది. మిషను నంబర్లు తిప్పడం మొదలుపెట్టింది. మొదటి రింగు కుర్మయ్యకు పోయింది. వరుసలో అందరికీ పోయి, ఆఖరుది ఆంజనేయులుకు పోయేదాకా అక్కడే కూర్చున్నాను. తర్వాత లేచి అన్నం పెట్టుకున్నాను.